ఆకు దగ్గర మొదలుపెట్టు

తిరుపతి

మేఘనా,

నీ మెయిల్ నిదానంగా చదివాను. మీ సార్ రెండు అంశాలు చూపించి ఒకటి తేల్చుకుని రమ్మన్నారన్నావు. ఒకటి, క్యాన్సర్ గడ్డ దాకా మందు మోసుకెళ్ళే మొక్కల వైరస్. రెండోది, నేలలోకి నులిపురుగుల మందు దించే మొక్కల వైరస్. ఏది తీసుకుంటే మంచిదని అడిగావు. చెబుతాను. అయితే నీ మెయిల్లో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. “నాకు మొక్కతో, తెగులుతో పనేం లేదు పెద్దమ్మా, వైరస్ నా చేతికొచ్చేసరికి ట్యూబులో ప్రోటీన్ ద్రావణమే కదా, దాని మీద నా కెమిస్ట్రీ నేను చేసుకుంటాను” అని రాశావు. ముందు ఆ వాక్యానికి జవాబు రాయనివ్వు.

నువ్వు రసాయన శాస్త్రం వైపు నుంచి వచ్చావు. నేను తెగుళ్ళ వైపు నుంచి వచ్చినదాన్ని, ఉద్యోగమంతా వేరుశనగ చేలల్లోనే గడిచింది. అయినా నీకు వైరస్‌లో కనిపించే అందం నాకూ తెలుసు. ల్యాబులో బంగారు రేణువులు చేస్తే ఎంత జాగ్రత్తపడినా ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ వస్తాయి. పొగాకు మొజాయిక్ వైరస్ అలా కాదు. ఏ ఆకులోంచి తీసినా 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం, నడిమధ్య 4 నానోమీటర్ల కాలువ. 2,130 కోట్ ప్రోటీన్లు, ఒక్కోదానిలో 158 అమైనో ఆమ్లాలు. ఏది ఎక్కడుందో పేరు పెట్టి చెప్పొచ్చు. బయటి గోడకు రంగు అణువు తగిలించాలంటే టైరోసిన్ 139 ఉంది. లోపలి కాలువలో ఏదైనా అతికించాలంటే గ్లుటామిక్ ఆమ్లాలు 97, 106 ఉన్నాయి. కెమిస్ట్రీ చదివిన పిల్లకు ఇంతకన్నా ఏం కావాలి!

కానీ ఆ 300 ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించావా? ప్రోటీన్‌కు తన కడ్డీ పొడవు తెలియదు. ఆర్‌ఎన్‌ఏ పోగు చుట్టూ మెలితిరుగుతూ, మూడు చుట్లకు 49 చొప్పున, ప్రోటీన్లు పేరుకుంటూ పోతాయి, దారం ఉన్నంత మేరే మొగ్గలు కూర్చిన పూలజడలాగా. దాదాపు 6,400 అక్షరాల దగ్గర ఆర్‌ఎన్‌ఏ అయిపోతుంది, కడ్డీ అక్కడ ఆగుతుంది. నీకు పొట్టి కడ్డీలు కావాలంటే ప్రోటీన్‌ను కోయనక్కర్లేదు, పొట్టి ఆర్‌ఎన్‌ఏ ఇస్తే చాలు. పేరుకోవడం ఎక్కడ మొదలవ్వాలన్నది కూడా ఆ ఆర్‌ఎన్‌ఏలోనే ఒకచోట రాసి ఉంటుంది. ఆ ముక్కను నీ ఆర్‌ఎన్‌ఏలో పెట్టడం మరిచిపోతే కడ్డీలు సరిగా రావు, రోజుల తరబడి బఫర్‌ను అనుమానిస్తూ కూర్చుంటావు.

ఇదంతా కనిపెట్టినవాళ్ళు నానో పదార్థాల కోసం కనిపెట్టలేదు. 1935లో స్టాన్లీ ఈ వైరస్‌ను స్ఫటికాలుగా తీసినప్పుడు అది ప్రాణమున్నదా లేనిదా అన్నదే ప్రశ్న. 1955లో బర్కిలీలో ఫ్రేంకెల్-కాన్రాట్, రాబ్లీ విలియమ్స్ ప్రోటీన్‌ను, ఆర్‌ఎన్‌ఏను విడివిడిగా తీసి మళ్ళీ కలిపితే, వాటంతటవే కడ్డీలు కట్టి ఆకుకు తెగులు తెప్పించాయి. రోజలిండ్ ఫ్రాంక్లిన్ పేరు అందరికీ డీఎన్‌ఏతోనే గుర్తు. నాకైతే ఆమె అసలు గొప్ప పని ఆ తర్వాత లండన్ బర్క్‌బెక్ కాలేజీలో ఈ పొగాకు వైరస్ మీద చేసిందే అనిపిస్తుంది. ఆర్‌ఎన్‌ఏ నడుమ కాలువలో వేలాడటం లేదు, గోడ లోపల ప్రోటీన్ల మధ్య ఇరుక్కుని ఉంది అని తేల్చిందామె. 1958లో, 37 ఏళ్ళకే పోయింది. ఈ రోజు ఆ కాలువలో ప్లాటినం జాతి క్యాన్సర్ మందులు నింపుతున్నారంటే, కాలువ ఖాళీ అని ఆ కాలంలో తేలినందువల్లే. ఆ కాలువ గోడలకు రుణావేశం ఉంది కాబట్టి ధనావేశమున్న మందు తనంతట తానే వెళ్ళి అక్కడ నిలుస్తుంది.

ఇప్పుడు నువ్వు రోజూ చేతపట్టబోయే సంగతి చెబుతాను. వైరస్‌కు రెండు విరుద్ధమైన అవసరాలున్నాయి. ఎండలో, ఎండుటాకులో, మట్టిలో ఉన్నంతసేపూ గట్టిగా ఉండాలి. మొక్క జీవకణంలోకి పోగానే విడిపోయి తన ఆర్‌ఎన్‌ఏను బయటపెట్టాలి. ఒకే ప్రోటీన్‌తో ఈ రెండు పనులూ ఎలా? పక్కపక్క ప్రోటీన్ల మీద కార్బాక్సిల్ సమూహాలు ఎదురెదురుగా ఉంటాయి. రెండూ రుణావేశాలే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మధ్యలో ఒక కాల్షియమో ప్రోటానో కూర్చుంటే సర్దుకుంటాయి. జీవకణం లోపల కాల్షియం చాలా తక్కువ, అందుకని పట్టు సడలుతుంది. వైరస్ తన బతుకు కోసం పెట్టుకున్న ఈ ఏర్పాటే నీకు తలుపు గడియ. అలసంద క్లోరోటిక్ మాటిల్ వైరస్ కాల్షియం లేనప్పుడు పిహెచ్ ఆరున్నర దాటితే సుమారు పదో వంతు ఉబ్బుతుంది, గోడలో సందులు తెరుచుకుంటాయి. 1998లో ట్రెవర్ డగ్లస్, మార్క్ యంగ్ ఆ సందుల్లోంచి టంగ్‌స్టన్ లవణాన్ని లోపలికి పంపి, పిహెచ్ దించి తలుపు మూసి, లోపలే గట్టిపరిచారు. వైరస్ గూడులో ఖనిజం తయారయింది. ఇది తెలియనివాళ్ళు ప్రోటోకాల్లో ఉంది కదా అని ప్రతి బఫర్‌లోనూ కాల్షియంను లాగేసే ఈడీటీఏ వేస్తారు. కాల్షియంతో నిలబడే రేణువులో ఈడీటీఏ వేయడమంటే గడియ తీసిపెట్టి, వస్తువు ఎందుకు పోయిందని అడగడమే.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడే, తిరుపతి దగ్గర పొలాల్లో అవిసె చెట్లకు మొజాయిక్ తెగులు కనిపించింది. గింజల అవిసె కాదు, ఆకు పశువులకు మేపి పూలు కూర వండుకునే అవిసె. ఎస్వీ యూనివర్సిటీ వాళ్ళు దాని వైరస్‌ను వేరుచేసి 1982లో ప్రకటించారు. అప్పట్లో అదొక చిన్న తెగులు మీద చిన్న వ్యాసం. తర్వాత మీ బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎం.ఆర్.ఎన్. మూర్తి బృందం 1995లో ఆ వైరస్ నిర్మాణాన్ని పరమాణువుల స్థాయిలో ఎక్స్‌రేలతో చూసింది. హెచ్.ఎస్. సావిత్రి బృందం దాని కోట్ ప్రోటీన్‌ను బ్యాక్టీరియాలో తయారుచేయించి, ఏ భాగం తీసేస్తే ఏమవుతుందో ఓపిగ్గా చూస్తూ వచ్చింది. మామూలుగా 180 ప్రోటీన్లు కలిసి ఒక గుండ్రని రేణువు కడతాయి. ప్రోటీన్ మొదట్లో వదులుగా వేలాడే 65 అమైనో ఆమ్లాల చేయి ఒకటి ఉంది. అది తీసేస్తే 60 ప్రోటీన్లతో చిన్న రేణువు వస్తుంది. అంటే రేణువు ఎంత ఉండాలో నిర్ణయించే మీట ఆ చేతిలో ఉందన్నమాట. 2016లో వాళ్ళే ఆ ప్రోటీన్‌లో పైకి పొడుచుకొచ్చే ఒక మెలిక దగ్గర, యాంటీబాడీలను పట్టుకునే ఒక బ్యాక్టీరియా ప్రోటీన్ ముక్కను కూర్చారు. యాంటీబాడీలు వాటంతటవి జీవకణంలోకి పోలేవు. ఈ రేణువు వాటిని పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. అలా పంపిన మూడింటిలో ఒకటి గురివింద గింజ విషం అబ్రిన్‌ను అడ్డుకునే యాంటీబాడీ.

మేఘనా, ఆ మెలిక బయటికే ఉందని, అక్కడ ముక్క దూర్చినా రేణువు కట్టుకుంటుందని వాళ్ళకు ఎలా తెలిసింది? ఏళ్ళ తరబడి ఆ వైరస్‌ను వైరస్‌గా చదివారు కాబట్టి. మా ఎస్వీ యూనివర్సిటీ వైరాలజీ విభాగం నుంచి వెళ్ళినవాళ్ళు అమెరికాలో నికోల్ స్టైన్‌మెట్జ్ బృందంతో కలిసి 2017లో ఫైసాలిస్ మాటిల్ వైరస్ మీద చేసిన పని కూడా చూడు. బజార్లో రస్‌భరి అని అమ్ముతారే, ఆ జాతి మొక్కల వైరస్. దానికీ బెంగళూరులో చాలా ఏళ్ళ పునాది ఉంది.

“అన్నీ సుమారు 30 నానోమీటర్ల బంతులే కదా, ఏది తీసుకుంటే ఏం” అని నువ్వు అనొచ్చు. దీనికి జవాబుగా నాకు బాగా నచ్చిన ఉదాహరణ అలసందదే. అలసంద మొజాయిక్ వైరస్ రేణువులను ఎలుకల్లో క్యాన్సర్ గడ్డలోకి నేరుగా ఎక్కిస్తే, అందులో ఏ మందూ లేకపోయినా, ఒంట్లోని రోగనిరోధక కణాలు మేలుకుని గడ్డ మీద పడతాయని 2016లో స్టైన్‌మెట్జ్, డార్ట్‌మత్‌లోని ఫీరింగ్ బృందాలు చూపించాయి. తర్వాత పెంపుడు కుక్కల్లో సహజంగా వచ్చిన క్యాన్సర్ల మీదా పరీక్షించారు. ఇందాక చెప్పిన క్లోరోటిక్ మాటిల్ కూడా అలసంద వైరసే, దాదాపు అదే పరిమాణం, ఆకారమూ అలాంటిదే. అది మాత్రం గడ్డ మీద ఆ పని చేయదు. ఎందుకని 2025లో స్టైన్‌మెట్జ్ బృందమే పోల్చి చూసింది. రెండూ రోగనిరోధక కణాల్లోకి ఒకేలా పోతాయి, కానీ లోపలికి పోయాక మొజాయిక్ వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కువసేపు నిలిచి ఇంటర్‌ఫెరాన్లను లేపుతుంది, క్లోరోటిక్ మాటిల్‌ది అలా లేపదు. బయటి కొలతలు మాత్రమే చూసేవాళ్ళకు ఈ తేడా ఎక్కడా కనిపించదు.

అసలు నువ్వు ప్రోటీన్ ద్రావణం అన్నావు చూడు, అలసంద మొజాయిక్ వైరస్ విషయంలో అది ఒక ద్రావణం కూడా కాదు. దాని ఆర్‌ఎన్‌ఏ రెండు ముక్కలుగా వేర్వేరు రేణువుల్లో ఉంటుంది. ఏమీ లేని రేణువులూ ఉంటాయి. అంటే ఒకే ట్యూబులో మూడు రకాలు, మూడిటి పైతొడుగూ ఒకటే. జెల్ మీద దాని చిన్న ప్రోటీన్ రెండు గీతలుగా కనిపిస్తే శాంపిల్ పాడైందని పారేయకు. మొక్కలో ఉండగానే దాని తోక నుంచి 24 అమైనో ఆమ్లాలు తెగిపోతాయి. ఎన్నింటికి తెగింది అన్నది ఆకు ఎప్పుడు కోశావన్న దాన్ని బట్టి మారుతుంది. మొక్కలు ఎవరో పెంచి, ట్యూబు ఎవరో ఇస్తే ఈ సంగతి నీకెవరు చెబుతారు?

అందుకని ఏ అంశం తీసుకున్నా మొదట కొన్ని వారాలు గ్రీన్‌హౌస్‌లో ఉండు. అలసంద విత్తనాలు నువ్వే వేయి. మొదటి జత ఆకులు బాగా విచ్చుకున్నాక, కార్బొరండం పొడి పలచగా చల్లి, వైరస్ కలిపిన బఫర్‌లో గ్లవుజు వేలు ముంచి ఆకు మీద రుద్దు. గట్టిగా రుద్దితే ఆకు మాడిపోతుంది, మరీ సుతారంగా రుద్దితే ఏమీ కాదు. మొక్క జీవకణానికి గట్టి గోడ ఉంది, దాన్ని దాటే సాధనం వైరస్‌కు లేదు. ఆ పొడి చేసే సన్నటి గాయమే దానికి దారి. చేయి కుదిరేదాకా చేయి. మొజాయిక్ పట్టిన ఆకులు కోసి, చల్లటి బఫర్‌తో మిక్సీలో వేసి, మస్లిన్ గుడ్డలో పిండి, క్లోరోఫాం, బ్యుటనాల్‌తో పచ్చదనం పోగొట్టి, పీఈజీ వేసి దించి, చివరికి సుక్రోజ్ గ్రేడియంట్ మీద తిప్పు. చీకటి గదిలో ట్యూబు కింది నుంచి లైటు వేస్తే, మధ్యలో నీలిపొగ రంగులో ఒక పట్టీ వెలుగుతుంది. అదే నీ వైరస్. కిలో ఆకుకు గ్రాము దాకా రావచ్చు. పొగాకు వైరస్ అయితే ఇంకో పరీక్ష కూడా చేసి చూడు. చిక్కటి ద్రావణాన్ని ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ పలకల మధ్య ఉంచి మెల్లగా తిప్పితే మెరుపు తీగలు లేస్తాయి. కడ్డీలన్నీ ప్రవాహం వెంట ఒకే వైపు తిరుగుతున్నాయన్నమాట. విరిగిన ముక్కలతో ఆ మెరుపు రాదు.

తర్వాత స్పెక్ట్రోఫోటోమీటరు. పొగాకు వైరస్‌కు 260, 280 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణల నిష్పత్తి 1.2 రావాలి, ఎందుకంటే అందులో ఆర్‌ఎన్‌ఏ 5 శాతమే. దానికి దూరంగా వస్తే ముందుకు వెళ్ళకు. పరిమాణం చూడటానికి, కాంతి చెదరడాన్ని బట్టి కొలిచే డీఎల్‌ఎస్ ఒక్కటే నమ్ముకోకు, అది గుండ్రని రేణువుల లెక్క కడుతుంది, కడ్డీలకు కాదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద యురనిల్ అసిటేట్ పూసి చూడు, కడ్డీల పొడవులు కొలిచి పట్టిక రాసుకో. నువ్వు రసాయనం తగిలించక ముందు ఒకసారి, తగిలించిన తర్వాత ఒకసారి. మేరీలాండ్‌లో జేమ్స్ కల్వర్ వాళ్ళు కోట్ ప్రోటీన్ మొదట్లో ఒక్క సిస్టీన్ చేర్చి, ఈ కడ్డీలను లోహపు రేకు మీద గడ్డి పరకల్లా నిలబెట్టి నికెల్ పూశారు, బ్యాటరీ ఎలక్ట్రోడ్ సామర్థ్యం రెట్టింపు దాటింది. చదవడానికి ఒక పేజీ, చేయడానికి ఆ పట్టికలన్నీ కావాలి.

మీ అమ్మ నాకు ఫోన్ చేసి, కరోనా చూశాక కూడా పిల్ల వైరస్‌లతో పని అంటుందేమిటని బాధపడింది. మొక్కల వైరస్‌లు మనుషుల్లో పెరగవని, మనం తినే కూరల్లో, పొగాకులో అవి ఎప్పుడూ ఉన్నవేనని నచ్చజెప్పాను. నువ్వు మాత్రం ఇంకో వైపు భయపడాలి, అది నా భయం. మనకు ఏమీ చేయనిది మొక్కకు చేస్తుంది. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగకు కాండం కుళ్ళు తెగులు వచ్చినప్పుడు నేను ఆ చేలల్లో నడిచాను. కారణం పొగాకు స్ట్రీక్ వైరస్. వయ్యారిభామ పుప్పొడిలో ఉండి, తామర పురుగుల వెంట చేలోకి వస్తుంది. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది, నష్టం 300 కోట్లు దాటిందని అంచనా. మొవ్వు నల్లబడి, మొక్క నిలుచున్నచోటే ఎండిపోయింది. అప్పులు తెచ్చి విత్తనాలు వేసినవాళ్ళు గట్టు మీద కూర్చుని ఉన్నారు. నీ ట్యూబులో ఉన్నది ఆ జాతి వస్తువే. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో, బట్టల మీద ఏళ్ళ తరబడి చావదు. గ్రీన్‌హౌస్ కోటు హాస్టల్‌కు తేకు. ఊరికి వచ్చేటప్పుడు ఆ చెప్పులతో మీ తాతగారి మిరప తోటలో అడుగుపెట్టకు. వాడిన ఆకులు, మట్టి, గ్లవుజులు అన్నీ ఆటోక్లేవ్‌లోకి పోవాలి. చెత్తబుట్టలో ఒక్కటి కూడా వేయకు.

సరే, నీ ప్రశ్న. రెండో అంశం తీసుకో, నేలలోది.

క్యాన్సర్ వైపు గొప్ప పని జరుగుతోంది, కాదనను. కానీ అక్కడ నీకంటే ముందు చాలామంది ఉన్నారు, జంతువుల పరీక్షలకు మీ ల్యాబులో వసతి లేదని నువ్వే రాశావు. నేల సమస్య వేరు. టమాటా, వంగ, బెండ తోటల్లో వేర్ల మీద బుడిపెలు కట్టించే నులిపురుగులు వేరు దగ్గర ఉంటాయి. పైన పోసిన మందు మట్టి రేణువులకు అంటుకుని పైనే ఆగిపోతుంది. అందుకని రైతు ఇంకా ఎక్కువ పోస్తాడు. పొగాకు మైల్డ్ గ్రీన్ మొజాయిక్ వైరస్ కడ్డీలు మట్టిలో కనీసం 30 సెంటీమీటర్ల లోతుకు దిగుతాయని 2019లో స్టైన్‌మెట్జ్ బృందం చూపించింది. మందు ఆ కడ్డీతో పాటు దిగితే తక్కువ మందుతో వేరు దాకా చేరుతుంది. మన ఎర్ర నేలల్లో, నల్లరేగళ్ళలో అది ఎలా దిగుతుందో నువ్వే చూడు. ఇసుక శాతం, బంకమట్టి శాతం మారితే లెక్కంతా మారవచ్చు. ఆ మట్టి మన జిల్లాల నుంచే తీసుకెళ్ళు, సంచులు నేను నింపిపెడతాను.

ఇందులో ఒక పెద్ద ముడి ఉంది, ముందు దాన్ని విప్పాలి. ఈ వైరస్‌ను ఫ్లోరిడాలో పశువుల బీళ్ళలో పెరిగే ఒక ముళ్ళ మొక్కను చంపే కలుపు మందుగా అమెరికాలో అనుమతించారు. ఆ మొక్క వంగ జాతిదే. మన నేలలో మిరప, టమాటా, వంగ, పొగాకు అన్నీ ఆ కుటుంబమే. బతికున్న వైరస్‌ను అక్కడ పోయడానికి ఎవరూ ఒప్పుకోకూడదు, నేనైతే ఒప్పుకోను. కాబట్టి అతినీలలోహిత కాంతితో లోపలి ఆర్‌ఎన్‌ఏను చెడగొట్టి, బయటి కడ్డీని చెక్కుచెదరకుండా ఉంచాలి. ఎంత మోతాదుకు తెగులు పూర్తిగా పోతుంది, ఎంత దాటితే కడ్డీలు విరగడం, ఒకదానికొకటి అతుక్కోవడం మొదలవుతుంది? ఈ రెండు హద్దుల మధ్య ఎంత చోటుందో కొలవడమే నీ థీసిస్ మొదటి అధ్యాయం కావాలి. పీసీఆర్‌లో ఆర్‌ఎన్‌ఏ కనబడకపోతే సరిపోదు, మైక్రోస్కోప్ బొమ్మ కూడా సరిపోదు. వైరస్ సోకిన చోటల్లా విడిగా మచ్చ పడే నికోటియానా గ్లుటినోసా ఆకు మీద రుద్ది, మచ్చలు లెక్కపెట్టాలి. హోమ్స్ 1929లో చూపిన పద్ధతి, ఇప్పటికీ దానికి మించినది లేదు. ఒకే ఆకును నడిమి ఈనె దగ్గర రెండు సగాలుగా అనుకో. ఒక సగం మీద కాంతి తగిలిన వైరస్, రెండో సగం మీద తగలనిది. రెండో సగంలో మచ్చలు రాకపోతే ఆ ఆకు లెక్కలోకి రాదు.

మీ సార్‌కు ఈ మాట చెప్పి, గ్రీన్‌హౌస్‌లో ఒక బల్ల ఇప్పించమని అడుగు. గ్లుటినోసా విత్తనాలు ఆవగింజ కన్నా సన్నం, మట్టిలో పూడ్చకు, పైన చల్లి తడిపితే చాలు. ఈ వారమే వేస్తే రుద్దే పనికి ఆకులు అందుతాయి. మొదటి లెక్క రాగానే రెండు సగాల అంకెలూ నాకు పంపు, ఫొటో కూడా.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ